జాడీలోని గంట

నవంబరు 6

పెదాలు ఆడిస్తే చాలట. గొంతు వద్దట.

ఈ ఏడు కూడా అదే మాట. పాటల టీచర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది, నేనూ మనసులో రెండు తిట్టుకునేదాన్ని. పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి, రెండో వరసలో ఖాళీ కనిపిస్తే బాగుండదు, నిలబడు తల్లీ, నోరు మాత్రం కదుపు అన్నారు. తల్లీ అన్నందుకే ఎక్కువ మండింది.

క్లాసులో నా పేరు కీచురాయి. ఆరో తరగతిలో ఒక్కసారి పాడాను. ఆ ఒక్కసారికే పేరు పెట్టేశారు. ఆ తర్వాత రెండేళ్లు లెక్కల్లో ఫస్టు వచ్చాను, దానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

అసలు బాధ అది కాదు. అమ్మ. అమ్మ బస్టాండులో మైకులో బస్సులు చెబుతుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ అమ్మ గొంతే చెప్పాలి. కూరగాయల కొట్టు దగ్గర అమ్మ ధర అడిగితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా, మీరేనా అండీ ఆవిడ అని తిరిగి చూస్తారు. అలాంటి అమ్మకి నేను పుట్టాను.

పోయినేడు వార్షికోత్సవం నుంచి ఇంటికి వచ్చాక అమ్మ అంది, అంతమంది పాడుతున్నా నీ గొంతు నాకు విడిగా వినిపించిందే అని. నేను నీళ్లు తాగుతున్నాను. పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారు అంటూ అమ్మ నెత్తి మీద తట్టింది.

ఆ రోజు స్టేజి మీద నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.


నవంబరు 9

అమ్మ అప్పుడే డ్యూటీ మార్పించుకుంది. ఫిబ్రవరిలో వార్షికోత్సవం, నవంబరులో డ్యూటీ మార్పు! తన బదులు ఎవరు మైకు దగ్గర కూర్చుంటారో కూడా తేల్చేసిందట. మా అమ్మాయి పాడుతుంది అని బస్టాండు మొత్తానికి చెప్పింది. మైకులో చెప్పలేదు, అదొక్కటే తక్కువ.


నవంబరు 13

ధ్వని పాఠం మొదలైంది.

మా సైన్స్ సార్‌ని ఎందుకు సార్ అంటాం. ఏది అడిగినా ముందు ఎందుకు అంటారు. బయటికి వెళ్లొచ్చా సార్ అన్నా ఎందుకు అంటారు. ఈరోజు ఆయన గాజు జాడీ ఒకటి తెచ్చారు. బోర్లించిన పెద్ద జాడీ, లోపల కరెంటు గంట. స్విచ్ వేస్తే గంట గణగణలాడింది. ల్యాబుకీ పాటల గదికీ మధ్య ఒకే గోడ. అవతల నుంచి పాటల టీచర్ గోడ మీద తట్టారు. వాళ్లిద్దరికీ ఆ గోడ మూలంగా చాలా కాలంగా మాటల్లేవు. ఆవిడ పాటకి ఈయన పాఠం చెడుతుంది, ఈయన గంటకి ఆవిడ పాట చెడుతుంది.

సార్ పంపు పెట్టి జాడీలో గాలి లాగేస్తూ పోయారు. గంట చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. చివరికి చెవి పెట్టి వింటే తప్ప లేదు. కానీ లోపల సుత్తి గంటని కొడుతూనే ఉంది.

సార్ అన్నారు, గంట మానేసిందా? లేదు. దాని వణుకుని మోసుకొచ్చే గాలి లేదు, అంతే. టికెట్ల క్యూలో వెనకవాడు తోస్తే ఆ తోపు ముందువాడి దాకా వస్తుంది, వెనకవాడు మాత్రం తన చోటే ఉంటాడు. గాలి కూడా అంతే, ఒక కణం పక్కదాన్ని తోస్తుంది, అది దాని పక్కదాన్ని. మన చెవి దాకా వచ్చేది తోపే, గాలి కాదు. మధ్యలో మనుషులే లేకపోతే తోపు ఎలా వస్తుంది?

క్లాసంతా మేజిక్ చూసినట్టు చూసింది. నేను సుత్తినే చూస్తున్నాను. కొడుతోంది పాపం. కొడుతూనే ఉంది. అది నేనే అనిపించింది. రెండో వరసలో, నోరు తెరుస్తూ మూస్తూ.

సార్ మీట తిప్పారు. గాలి బుస్సుమంటూ లోపలికి పోయింది, చప్పుడు తిరిగి వచ్చేసింది. నా కళ్లు ఎందుకు తడిగా ఉన్నాయని సార్ అడిగారు. చాక్‌పీసు పొడి అన్నాను.


నవంబరు 15

ఇంట్లో గ్లాసులు, గరిటెలు, తలుపు గొళ్లెం అన్నీ కొట్టి విన్నాను. ఆఖర్న అమ్మ నన్ను కొట్టబోయింది.


నవంబరు 20

ఈరోజు స్కేలు. బెంచి అంచు మీద సగం బయటికి పెట్టి మీటాలి. బయటికి ఎక్కువ ఉంటే బద్ధకంగా ఊగుతుంది, బొంగురుగా పలుకుతుంది. తక్కువ ఉంటే గబగబా ఊగుతుంది, సన్నగా పలుకుతుంది. సెకనుకి ఎన్నిసార్లు ఊగిందో అన్ని హెర్ట్జ్. గట్టిగా మీటితే చప్పుడు పెరుగుతుంది గానీ స్వరం మారదు. గట్టితనం వేరు, సన్నదనం వేరు. నేను ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నాను.

వెనక బెంచిలోంచి ఎవడో, సన్నదనం కావాలంటే కీచురాయిని అడగండి సార్ అన్నాడు. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. ఎందుకు ఆ పేరు అన్నారు. అసలు కీచురాయికి గొంతుందా అని అడిగారు. ఉంటుంది సార్, లేకపోతే ఆ రొద ఎక్కడిది అన్నాడు వాడే. లేదట! ఒక రెక్క అంచున రంపం పళ్లలాంటివి ఉంటాయట, రెండో రెక్కతో వాటిని గీకుతుందట. అది పాడేది కాదురా, వాయించేది అన్నారు సార్.

ఈ సంగతి నాకు మూడేళ్ల కిందటే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.


నవంబరు 28

ప్రాజెక్టు దొరికింది! దొరికింది అంటే డబ్బా గాడు కనిపెట్టాడు. వాడు బెంచి మీదా, టిఫిన్ డబ్బా మీదా, పక్కవాడి వీపు మీదా వాయిస్తూనే ఉంటాడు, అందుకే డబ్బా. మా మావయ్య పనిచేసే పైపుల కొట్టు వెనక తెగిన పైపు ముక్కల కుప్ప ఉంటుంది. ప్రాజెక్టుకి ఏమైనా పనికొస్తాయేమో అని నేనూ, పొడుగూ, డబ్బా వెళ్లాం. పొడుగు నా పక్క బెంచి. మనిషి అంత పొడుగు, మాట అంత పొట్టి.

డబ్బా కాలి చెప్పు తీసి పైపు నోటి మీద ఒకటి వేశాడు. టుప్ అని ఒక స్వరం వచ్చింది. మొద్దు చప్పుడు కాదు, గుండ్రంగా, నిండుగా. పొట్టి ముక్క మీద వేశాడు. ఇంకా సన్నటి స్వరం. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత కుప్ప మీద పడి కొట్టిందే కొట్టడం. మావయ్య బయటికి వచ్చి, ఇన్నేళ్లూ వీటిలో నీళ్లు పారించాను గానీ పాటలు పారించలేదే అన్నాడు. కావాల్సినన్ని ముక్కలు ఇచ్చాడు. రంపం కూడా.

సార్ బోర్డు మీద లెక్క వేశారు. చెప్పు పడ్డ కొస మూత పడుతుంది, రెండోది తెరిచి ఉంటుంది. అలాంటి పైపుకి అల పొడవు నాలుగింతలు. గాలిలో ధ్వని వేగాన్ని దానితో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. పైపు సగం చేస్తే స్వరం రెట్టింపు. కింది స, పై స! పాట కూడా భాగహారమే అని నాకెవరూ చెప్పలేదు. భాగహారం నాకు వచ్చు.


డిసెంబరు 5

ఎనిమిది పైపులు కోశాం. అన్నిటికంటే పెద్దది నా మోచెయ్యంత, చిన్నది అందులో సగం. మిల్లీమీటరు తేడా రాకుండా లెక్క ప్రకారం కోశాం. అన్నీ తప్పే వచ్చాయి.

సరిచూడటానికి ల్యాబులో ట్యూనింగ్ ఫోర్కుల పెట్టె ఉంది. స నుంచి పై స దాకా ఎనిమిది, ఒక్కోదాని మీద అంకె చెక్కి ఉంటుంది. స కి 256. పైపు కింద అరచేత్తో మూసి, పై అంచు మీద ఊదితే స్వరం సాగుతుంది. డబ్బా ఊదాడు, పొడుగు ఫోర్కు మోగించింది. వాళ్లిద్దరూ సరిపోయింది అన్నారు.

నాకు సరిపోలేదు. లోపల ఏదో ఊగుతోంది. వవ్వవ్వవ్వ. గట్టిగా, మెల్లగా, గట్టిగా, మెల్లగా. వినపడట్లేదా మీకు అన్నాను. పొడుగు లేదంది. సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన వచ్చి విని, కాసేపు నన్నే చూసి, ఇది నీకు ముందే ఎవరైనా చెప్పారా అన్నారు. లేదన్నాను. దాన్ని విస్పందనం అంటారట. రెండు స్వరాలు దాదాపు ఒకటే అయి, కొంచెం తేడా ఉంటే, ఒక క్షణం రెండూ కలిసి తోస్తాయి, ఇంకో క్షణం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. తేడా ఎన్ని హెర్ట్జ్ ఉంటే సెకనుకి అన్ని ఊపులు. తేడా పోతే ఊపు ఆగుతుంది.

మరి లెక్క ఎందుకు తప్పింది? లోపలి గాలి పైపు అంచు దగ్గర బుద్ధిగా ఆగదట. తలుపు బయటికి తల పెట్టి చూసి వెనక్కి వచ్చే పిల్లలాగా కాస్త బయటికి వచ్చి పోతుందట. అందుకని పైపు మనం కొలిచినదానికంటే కొంచెం పొడుగు కింద లెక్క. కొంచెం కొంచెం అరగదీశాం. నేను విన్నాను. ఊపు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగిపోయింది. రెండూ ఒకటైపోయి ఊఁ అని నిలిచాయి.

నాకు చెవులున్నాయి! గొంతు లేకపోతే పోయింది, నాకు చెవులున్నాయి! ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. అమ్మ ఏమిటే అంది. ఏమీ లేదన్నాను. ఇప్పుడే చెప్పను.


డిసెంబరు 6

అమ్మ బాత్‌రూమ్ చెప్పుల కోసం వెతుకుతోంది. నాకేం తెలియదన్నాను. రబ్బరువి, మెత్తవి, వాటంత బాగా ఏ చెప్పులూ పలకవు.


డిసెంబరు 13

సార్ పాటల గదికి వెళ్లారు! నడవాలో ఉన్న తొమ్మిదో తరగతి మొత్తం ఊపిరి బిగపట్టింది. వార్షికోత్సవం పాటకి మా పైపులు తోడు పెట్టుకోవాలని అడిగారట. పాటల టీచర్, చెప్పులా అన్నారట. కొత్తవి తెస్తారు అన్నారట సార్ (సార్‌కి అమ్మ చెప్పుల సంగతి తెలియదు). సరే, బుధవారం కీబోర్డుతో కలిపి వింటాను, శ్రుతి కలిస్తే ఉంటారు, లేకపోతే లేదు అన్నారట.

కలవకపోవడం ఏమిటి? ఒక్కో ఫోర్కుతో చెవులరిగేలా సరిచూశాను. పాట ఎత్తుకునే మొదటి స నాదే. నేను వరసలో లేకపోతే ఖాళీ ఎవరు పూడుస్తారని టీచర్ అడిగితే, పూలకుండీ పెట్టుకోండి అందామనుకున్నాను. అడగలేదు. అడిగినా అనేదాన్ని కాదు.


డిసెంబరు 18

తల కొట్టేసినట్టయింది.

నేను స కొట్టాను. టీచర్ కీబోర్డు మీద స నొక్కారు. ఊపు. చిన్నది కాదు, జ్వరం వచ్చినవాడి పళ్లు కొట్టుకున్నట్టు. రి కొట్టాను, అదే. గ, మ, ఎనిమిదికి ఎనిమిదీ అంతే. నలభై మంది గుంపు పాట ఆపి చూస్తోంది. ఎవరో కీచుపైపులు అన్నారు.

టీచర్ నెమ్మదిగానే అన్నారు, మీ పైపులు దిగి ఉన్నాయి, పిల్లల శ్రుతి చెడుతుంది, వద్దు అని. సార్‌కి కోపం వచ్చింది. ఫోర్కు ఎత్తి చూపించి, దీని మీద 256 అని చెక్కి ఉంది, మీ కీబోర్డు డబ్బా మీద ఏం చెక్కి ఉంది అన్నారు. ఆవిడ, నా చెవి మీద ముప్పై ఏళ్లు చెక్కి ఉన్నాయి అన్నారు. ఇద్దరూ చెరో తలుపులోంచి వెళ్లిపోయారు.

టీచర్ వెళ్తూ వెళ్తూ నావైపు చూసి, రేపటి నుంచి వరసలోకి వచ్చెయ్ అన్నారు.


డిసెంబరు 19

వరసలో నిలబడ్డాను. నోరు తెరిచాను, మూశాను.


డిసెంబరు 23, మధ్యాహ్నం

ఎవరిది తప్పు? అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. పైపు ఫోర్కుతో కలిసింది, ఊపు లేదు. పైపు కీబోర్డుతో కలవలేదు. అయితే ఫోర్కూ కీబోర్డూ ఒకదానితో ఒకటి కలుస్తాయా? ఈ ప్రశ్న ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. పోట్లాటలో పడితే ఎవరికీ ఏమీ తట్టదు.

భోజనాల బెల్లులో ఫోర్కు జేబులో వేసుకుని పాటల గదికి వెళ్లాను. టీచర్ ఒక్కరే ఉన్నారు. ఒక్కసారి స నొక్కుతారా మేడమ్ అని అడిగాను. ఏమనుకున్నారో, నొక్కారు. ఫోర్కు మోకాలికి కొట్టి బల్ల మీద ఆనించాను. బల్ల మొత్తం పలికింది.

వవ్వవ్వవ్వవ్వ.

టీచర్ మొహం మారింది. మళ్లీ కొట్టమన్నారు. మళ్లీ అదే. ఈ ఊపు నీకు తెలుస్తోందా అని అడిగారు. తెలుస్తోంది, సెకనుకి ఆరు దాకా ఉంది అన్నాను. పైపులది కాదు మేడమ్ తప్పు, ఫోర్కుదీ కాదు, కీబోర్డుదీ కాదు, అవి రెండూ రెండు స లు అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం.


అదే రోజు, సాయంత్రం

సార్ పుస్తకాలు తిరగేసి చెప్పారు. ల్యాబు ఫోర్కు లెక్కలకి వీలుగా చేసిందట. ఒకటిని రెండింతలు చేస్తూ పోతే రెండు, నాలుగు, ఎనిమిది, అలా 256 వస్తుంది. వాద్యాలవాళ్లు వేరే ఒప్పందం చేసుకున్నారు. వాళ్లు ద స్వరాన్ని 440 అని పట్టుకుని మిగతావి అక్కడి నుంచి లెక్క కడతారు. అలా కడితే స 262 దగ్గర పడుతుంది. రెండు గడియారాలూ సరిగ్గానే నడుస్తున్నాయి, టైము పెట్టినవాళ్లు వేరు.

సార్ స్వయంగా పాటల గదికి వెళ్లి, మీ చెవి సరైనదే అని చెప్పి వచ్చారు. ఆవిడ, మీ ఫోర్కూ సరైనదే అన్నారట. ఇంత జరిగాక మాకు ఇంకొక్క అవకాశం దొరికింది. జనవరి నాలుగో వారంలో.


జనవరి 4

నేను గాడిదని.

స పైపుని చిటికెన వేలి గోరంత కోశాను, కీబోర్డుతో బ్రహ్మాండంగా కలిసింది. ఊపు లేదు. ఆ సంబరంలో మిగతా ఏడింటినీ అంతే మేర పరపరా కోసేశాను. పొడుగు ఆగు అంది. జీవితంలో మొదటిసారి రెండు మాటలు అంది, ఆగవే ఆలోచించు అని. నేను ఆగలేదు.

పెద్ద పైపుకి గోరంత అంటే ఎంత? చిన్న పైపుకి గోరంత అంటే ఎంత? ఏనుగూ మేకా ఒకే ముద్ద తగ్గించి తింటే ఎవరికి ఎక్కువ ఆకలి వేస్తుంది? స్వరాలు కూడికల్లో నడవవు, నిష్పత్తుల్లో నడుస్తాయి. నవంబరులోనే రాసుకున్నాను, సగం చేస్తే రెట్టింపు అని. లెక్కల్లో ఫస్టు అట! పై స ఇప్పుడు ఎక్కడికో ఎగిరిపోయింది. కోసిన పైపు అతకదు. మావయ్య కొట్టులో ఆ సైజు ముక్కలు అయిపోయాయి.

డబ్బా నన్ను ఏమీ అనలేదు. అందుకే ఏడుపొచ్చింది.


జనవరి 8

అతకదు. కానీ తొడగొచ్చు!

పైపు పొట్టిదైతే పొడుగు చెయ్యాలి. అమ్మ డ్యూటీకి బయలుదేరుతూ యూనిఫాం చొక్కా చేతులు మడుచుకుంటుంటే తట్టింది. చార్ట్ పేపరు పైపు చుట్టూ బిగువుగా చుట్టి టేపు వేశాను. ఒక గొట్టం అయింది. అంచు దాటి బయటికి లాగితే పైపు పొడుగు, లోపలికి తోస్తే పొట్టి. ఊదిస్తూ లాగాను. స్వరం మెట్లు దిగినట్టు కాదు, జారుడుబల్ల మీద జారినట్టు దిగింది. ఊపు ఆగినచోట ఆపాను.

ఎనిమిదింటికీ తొడిగాం. స పైపుకి అక్కర్లేదు, అయినా కొస కాస్త కోసి దానికీ తొడిగాను. దాని మీద నాకు నమ్మకం లేదు, నా మీద అసలే లేదు. సార్ చూసి ఎందుకు అనలేదు. భేష్ అన్నారు. ఆయన నోట ఆ మాట ఇంతవరకూ మేం ఎవరమూ వినలేదు.


జనవరి 22

కలిసింది. కలిసింది. కలిసింది.

చల్లటి పొద్దున, నడవాలో, నలభై మంది ముందు. స కొట్టాను, టీచర్ స నొక్కారు, ఏదీ వణకలేదు. పాట మొత్తం వాయించాం. టీచర్ ఒక్కటే అన్నారు, స్టేజికి కుడివైపు నిలబడండి, మైకు ఒకటి ఇస్తాను. ఇంకొకటి కూడా అన్నారు. నువ్వు వరసలోకి రానక్కర్లేదు.


ఫిబ్రవరి 6

రేపే. అమ్మ నన్ను ఏ వరసలో నిలబెడుతున్నారని అడిగింది. చివర అన్నాను.


ఫిబ్రవరి 8, పొద్దున

నిన్న రాయడానికి కుదరలేదు. చేతులు ఇంకా మండుతున్నాయి. మొదటి నుంచీ రాస్తాను.

హాలు నిండిపోయింది. పైన రేకుల కప్పు, పొద్దుటి నుంచీ ఎండ, స్టేజి మీద పెద్ద పెద్ద లైట్లు. తెర వెనక మా మొహాలకి చెమటలు పోశాయి. తెర సందులోంచి చూశాను. అమ్మ మూడో వరసలో. పక్కన బస్టాండువాళ్లు నలుగురు. మావయ్య.

తెర ముందు హెడ్మిస్ట్రెస్ ఉపన్యాసం మొదలుపెట్టారు. చెయ్యి ఊరికే ఉండదు కదా, స పైపు అంచు మీద మెల్లగా ఊదాను. టీచర్ వేళ్లు చూసుకుంటూ కీబోర్డు చప్పుడు బాగా తగ్గించి స నొక్కారు. వవ్వవ్వవ్వ.

మళ్లీ ఊదాను. వవ్వవ్వవ్వ. పొడుగు మొహం పాలిపోయింది. నిన్నటి దాకా బాగుంది! ఎవరైనా తొడుగులు కదిపారా? లేదు. గీత గీసి పెట్టాను, గీత మీదే ఉన్నాయి. మరి పైపు మారలేదు, కీబోర్డు మారలేదు. ఏం మారింది? నుదుటి మీది చెమట కంట్లో పడింది. అప్పుడు తట్టింది. గాలి మారింది! మేం సరిచేసింది చలిలో. వేడి గాలిలో ధ్వని ఇంకా వేగంగా పరిగెడుతుంది. వేగం పెరిగితే అదే పైపులో స్వరం పెరుగుతుంది. కీబోర్డులో గాలి లేదు, దానికి ఎండా వానా ఒకటే.

మేడమ్, పైపులు ఎక్కాయి, వేడికి, దించాలి అన్నాను. టీచర్ తెర వైపు చూశారు, నా వైపు చూశారు. ఎంతసేపు పడుతుంది అన్నారు. ఉపన్యాసం ఎంతసేపు ఉంటుందో అంతసేపు అన్నాను. ఆవిడ కొత్త బట్టలతో నేల మీద చతికిలబడి కీబోర్డు ఒళ్లో పెట్టుకున్నారు. ఆవిడ నొక్కుతుంటే డబ్బా ఊదాడు, నేను చెవి ఆనించి తొడుగు లాగాను. స. ఊపు నెమ్మదించింది, ఆగింది. రి. గ. గుంపులోని నలభై మంది మెడలు చాచి చూస్తున్నారు. కీచుపైపులు అన్నవాడు కూడా. సార్ తెర పక్కన నిలబడి, హెడ్మిస్ట్రెస్ ముగించబోతున్నారేమోనని తొంగి చూస్తూ, ఇంకో పేజీ ఉంది, ఇంకో పేజీ ఉంది అని చేతులతో సైగ చేస్తున్నారు. ఆవిడ ఉపన్యాసం పొడుగని మూడేళ్లుగా విసుక్కున్నాను. నిన్న ప్రతి వాక్యానికీ దణ్ణం పెట్టుకున్నాను. క్రమశిక్షణ దగ్గరికి వచ్చేసరికి మ అయింది. పరిశుభ్రత దగ్గర ప. నేటి బాలలే రేపటి పౌరులు అనేసరికి ని. చప్పట్లు మొదలయ్యాయి. పై స కి టీచర్ మీట నొక్కిపట్టి ఉంచారు. చప్పట్లలో ఏమీ వినపడదు. తొడుగు మీద వేలు ఆనించాను, వణుకు వేలికి తెలిసింది. ఊపు ఆగింది.

తెర లేచింది.

రెండో వరసలో నా చోట నిజంగానే పూలకుండీ పెట్టారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. టీచర్ నా వైపు చూసి తల ఊపారు. అమ్మ గుంపులో నాకోసం వెతుకుతోంది. మొదటి వరస, రెండో వరస, చివర. నేను చెప్పు ఎత్తి స మీద వేశాను.

మొత్తం హాలు ఒక్కసారి మా వైపు తిరిగింది. టుప్! గుండ్రంగా, నిండుగా, రేకుల కప్పు దాకా. తర్వాత పొడుగు, తర్వాత డబ్బా, ముగ్గురం ఎనిమిది స్వరాల మీద కిందికీ పైకీ. అప్పుడు గుంపు అందుకుంది. వాళ్ల గొంతులు మా స్వరం మీద ఎక్కి నిలబడ్డాయి, ఎక్కడా ఒక్క ఊపు లేదు. నా జీవితంలో ఇంత ఆనందం నాకు తెలియదు. పాట అయిపోయింది. చప్పట్లు. మళ్లీ వాయించమని కేకలు. మళ్లీ వాయించాం! రెండోసారి టీచర్ కీబోర్డు మీంచి చేతులు తీసేసి, పైపులనే నమ్ముకుని, గుంపు వైపు తిరిగి చేతులు ఊపారు.

ఆ చప్పట్ల మధ్యలో అమ్మ గొంతు విన్నాను. మైకు అక్కర్లేని గొంతు కదా. పక్కవాళ్లకి చెబుతోంది, ఆ అమ్మాయి మాదే, ఆ చెప్పులు నావే అని.

ఇంటికి నడుస్తూ అంతా చెప్పేశాను. పెదాలు ఆడించడం, పోయినేడు, ఈ ఏడు, అన్నీ. అమ్మ, పోయినేడు నీ గొంతు వినపడలేదే, ఉత్తినే అన్నాను అంది. ఇన్నేళ్లు మైకు ముందు కూర్చున్నదాన్ని, ఎవరు నోరు ఊరికే ఆడిస్తున్నారో నాకు తెలీదా అంది. మరి ఎందుకు అన్నావు అని అడిగాను. నువ్వు నీళ్లు కూడా మింగలేక కూర్చున్నావు, ఏం చెయ్యను అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఈ ఏడు మాత్రం వినపడింది, ఒట్టు అంది.

నేను వీధి మధ్యలో నిలబడి ఏడ్చాను. చాక్‌పీసు పొడి అని చెప్పలేదు.


ఫిబ్రవరి 9

చెప్పులు తిరిగి ఇవ్వబోతే అమ్మ తీసుకోలేదు. పైపుల పక్కనే ఉండనీ అంది. బాత్‌రూమ్‌కి కొత్తవి కొనుక్కుంది.


ఫిబ్రవరి 11

బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఊఁ అన్నాను. కింది నుంచి మెల్లగా పైకి. ఒకచోట గది మొత్తం నాతోపాటు ఊఁ అంది, బకెట్టుతో సహా. అక్కడే ఆగి గట్టిగా పాడాను. బయటి నుంచి అమ్మ, ఏ బస్సే అది అని అడిగింది. ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది అన్నాను.